ఏనుగు ఎక్కడ నిలబడాలి?

మన బడిలో ఏనుగు ఎక్కడ నిలబడాలన్న దాని మీద ఒకసారి చొక్కా గుండీలు ఊడేదాకా కొట్లాట జరిగింది. 1983 వానాకాలం. నేను ఎనిమిదో తరగతి, బి సెక్షన్. వాన వల్ల ఆటల పీరియడు క్లాసులోకి మారింది. పీటీ సార్ బీరువాలోంచి ఒక చదరంగం డబ్బా తీసి మా బెంచి మీద పెట్టి, చప్పుడు చేయకుండా ఆడుకోండిరా అని వెళ్లిపోయారు. పావులు పేర్చడం మొదలుపెట్టాం. ఏనుగు మూలన ఉండాలన్నాను నేను. మా నాన్న నేర్పింది అదే. మూలన ఏనుగు, దాని పక్కన గుర్రం, ఆ పక్కన శకటు. నా బెంచి మిత్రుడిది మొఘల్‌పురా. వాళ్ల ఇంట్లో మూలన ఉండేది రుఖ్, తర్వాత ఘోడా, ఆ తర్వాత ఫీలా. ఫీలా అంటే ఏనుగే కదా, అది వజీరు పక్కన ఉండాలి గానీ మూలన ఎట్లుంటది అని వాడు. మాట పెరిగి చేతుల దాకా వచ్చింది.

చప్పుడు విని వచ్చిన లెక్కల సార్ ఇద్దరి చెవులూ పట్టుకుని సంగతంతా విన్నారు. "పేరు ఏదైతే ఏంది రా, నడక ఒక్కటే కదా" అని తేల్చేశారు. లెక్కల సార్ కాబట్టి ఆయనకు అది సరిపోయింది. నాకు మాత్రం ఆ చిక్కు చాలా ఏళ్లు పోలేదు. తర్వాత చదివితే తెలిసింది, ఇద్దరం నిజమే చెప్పామని. పాత ఆటలో బండీ ఉంది, ఏనుగూ ఉంది. పారశీకంలో రుఖ్ అంటే రథం, అది మూలన ఉంటుంది. ఏనుగు లోపల ఉంటుంది. తెలుగులో ఆ రెండూ చోట్లు మార్చుకున్నాయి. బండి, అంటే శకటం, లోపలికి వచ్చింది. ఏనుగు మూలకు పోయింది. స్పెయిన్ వాళ్లు ఇప్పటికీ మన శకటును అల్ఫిల్ అంటారు. అరబ్బీలో అల్-ఫీల్ అంటే ఏనుగు. అంటే ఆ రోజు నా మిత్రుడి వైపు స్పెయిన్ దాకా సాక్షులున్నారు. నా వైపు మా నాన్న ఒక్కడే.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు మొదట ఒప్పుకోలేదు. వంతెనల డిజైన్లు గీసే సివిల్ ఇంజనీరును, చరిత్ర రాసేవాణ్ణి కాను. కానీ మన బడి చుట్టుపక్కల గల్లీల్లో ఆడిన ఒక ఆట గురించి ఎవరూ రాసిపెట్టలేదు. ఆడినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అందుకని నాకు తెలిసినంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

శాలిబండ నుంచి చార్మినారు వైపు నడిచే దారిలో చేతి గడియారాలు బాగుచేసే ఒక చిన్న కొట్టు ఉండేది. కొట్టు ముందు అరుగు. దాని మీద గుడ్డకు కుట్టిన గళ్ల బల్ల, కోణాలు అరిగిపోయిన కర్ర పావులు. కొట్టు యజమానిని అందరం చాచా అనే పిలిచేవాళ్లం. కంటికి భూతద్దం పెట్టుకుని స్ప్రింగు సరిచేస్తూనే, తల ఎత్తకుండా తన ఎత్తు చెప్పేవాడు. ఎదుటివాడే ఆ పావు జరపాలి. ఆయనకు రెండు ఆటలు వచ్చు. ఒకటి దేశీ, రెండోది విలాయతీ.

ఇప్పటి పిల్లలకు ఈ దేశీ ఆట సంగతి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రాజుకు ఇప్పుడున్న కాజిలింగు లేదు. దాని బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, అదీ అప్పటిదాకా షహ్ తగలకుండా ఉంటేనే. బంటు చివరి వరుసకు చేరితే మనకిష్టమైన పావు రాదు. ఏ నిలువు వరుసలో చేరిందో ఆ వరుసకు చెందిన పావే అవుతుంది. గుర్రం వరుసలో చేరితే గుర్రమే, వజీరు కావాలని ఏడ్చినా రాదు. ఈ నియమాలు కూడా ఊరికో తీరు ఉండేవి. బయటివాడు వచ్చి కూర్చుంటే ముందు నియమాలు మాట్లాడుకుని తర్వాత పావులు కదిపేవారు.

బంటు ఒక్క గడే కదిలే ఆటలో రెండు సైన్యాలు వెంటనే ఢీకొనవు. మొదటి పది పన్నెండు ఎత్తులు ఎవరి ఇల్లు వారు చక్కదిద్దుకోవడంతోనే సరిపోతుంది. వెయ్యేళ్ల కిందటి అరబ్బీ ఆటగాళ్లు ఇలా పావులు పేర్చుకునే పద్ధతులకు తబియా అని పేరు పెట్టి పుస్తకాలు కూడా రాశారు. తొమ్మిదో శతాబ్దపు అల్-అద్లీ, పదో శతాబ్దపు అస్-సూలీ ఆ విద్యలో దిట్టలు. అప్పటి వజీరు ఐమూలగా ఒక్క గడే కదిలేది. అలాంటి వజీరుతో ఏడు ఎత్తుల్లో ఆటకట్టు చేయడం కుదిరే పని కాదు.

పదిహేనో శతాబ్దం చివర ఐరోపాలో వజీరుకు, శకటుకు ఇప్పుడున్న బలం వచ్చింది. ఉచ్చులు అప్పుడే పుట్టాయి. రెండే రెండు ఎత్తుల్లో మంత్రి బల్ల చివరి దాకా పోగలిగితే, మొదట్లోనే చిన్న పొరపాటుకు ప్రాణం పోతుంది. అచ్చయిన చదరంగం పుస్తకాల్లో ఇప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది లుసెనాది, 1497 నాటిది. రుయ్ లోపెజ్ పుస్తకం 1561లో వచ్చింది. ఆ కాలపు పుస్తకాలు ఓపెనింగులతో పాటు, ఎదుటివాడి కళ్లలో వెలుగు పడేలా బల్ల పెట్టుకో అనే సలహా కూడా ఇచ్చేవి. ఉచ్చు వేయడమన్నది అక్కడి నుంచే మొదలైందన్నమాట. తర్వాత ఇటలీలో గ్రెకో అనేవాడు పదిహేడో శతాబ్దం మొదట్లో చిన్న చిన్న ఆటలు చేత్తో రాసి ధనవంతులకు ఇచ్చేవాడు. ఆ ఆటల్లో ఓడేవాడు సరిగ్గా ఓడటానికే పుట్టినట్టు ఆడతాడు. గ్రెకో పోయిన చాలా ఏళ్లకు, 1656లో, అవి లండన్‌లో అచ్చయ్యాయి. మనం మొదట నేర్చుకునే ఉచ్చులు చాలా వరకు ఆ సంతతివే.

నాకు ఆ సంతతి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. ఆదివారం కొట్లు మూసి ఉంటే వాటి ముందు పాత పుస్తకాలు పరిచేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. 1984 మొదట్లో నాన్నతో వెళ్లినప్పుడు ఇర్వింగ్ చెర్నెవ్ రాసిన ఉచ్చుల పుస్తకం కనబడింది. మూడు వందల ఉచ్చులు. అట్ట లేదు. ఎనిమిది రూపాయలకు బేరం కుదిరింది. ఎత్తులన్నీ పాత పద్ధతిలో, పి-కె4, ఎన్-కెబి3 అని ఉండేవి. 1981 నుంచే ప్రపంచ సమాఖ్య ఆ పద్ధతిని పక్కనపెట్టిందని నాకేం తెలుసు? అదేదో గూఢలిపి అనుకుని, దాన్ని ఛేదించడానికే నెల పట్టింది.

అందులో నాకు పిచ్చిగా నచ్చింది లెగాల్ ఉచ్చు. లెగాల్ పద్దెనిమిదో శతాబ్దపు పారిస్ ఆటగాడు, ఫిలిడోర్ అంతటివాడికి గురువు. చూడండి. తెల్లవాడు రాజు ముందు బంటును రెండు గడులు, ఆపై గుర్రం, శకటు, రెండో గుర్రం బయటికి తెస్తాడు. నల్లవాడు తన శకటును తెచ్చి తెల్ల గుర్రానికి ఎదురు నిలబెడతాడు. గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుంది, కాబట్టి ఇక కదలదులే అని ధీమా. అప్పుడు ఆ కదలకూడని గుర్రమే కదిలి నడుమ ఉన్న బంటును కొడుతుంది. నల్లవాడు ఆశగా మంత్రిని కొడతాడు. తెల్ల శకటు రాజు పక్క బంటును కొట్టి షహ్ అంటుంది. రాజు ఒక్క గడి ముందుకు రాక తప్పదు. రెండో గుర్రం వచ్చి బల్ల నడుమ కూర్చుంటుంది. ఆటకట్టు. నల్లవాడి చేతిలో మంత్రి ఉంటుంది, బల్ల మీద రాజు చచ్చి ఉంటాడు.

పద్నాలుగేళ్ల పిల్లాడికి ఇంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూసేలోపు క్లాసులో అందరికీ ఈ మందు పోశాను. నా బెంచి మిత్రుడు మూడుసార్లు పడ్డాడు. మూడోసారి పావులు డబ్బాలో వేస్తూ, "యార్, నీకిది ఎవరు నేర్పారు?" అని అడిగాడు. ఎవరూ నేర్పలేదు, నాకే తట్టింది అన్నాను. పుస్తకం నా సంచిలోనే ఉంది, బయాలజీ నోట్సు కింద. అప్పటికి బడి జట్టులో ఒక్క చోటు మిగిలి ఉంది. దానికి మేమిద్దరమే పోటీ. ఇన్నేళ్ల తర్వాత కారణం అంతకన్నా గొప్పగా చెప్పలేను.

1984 జూలైలో, తొమ్మిదిలోకి వచ్చాక, ఒక సాయంత్రం ఇద్దరం చాచా కొట్టు ముందు ఆగాం. ధైర్యం చేసి విలాయతీ ఆట ఆడదామన్నాను. చాచా నల్లపావులు. అన్నీ నేను అనుకున్నట్టే వచ్చాయి. ఆయన మంత్రి వైపు గుర్రం బయటికి వచ్చింది, బంటు ఒక గడి జరిగింది, శకటు వచ్చి నా గుర్రానికి ఎదురు నిలిచింది. నా చెయ్యి వణికింది. నడుమ బంటును గుర్రంతో కొట్టాను. చాచా భూతద్దం తీసి మొదటిసారి బల్ల వైపు చూశాడు. మంత్రిని ముట్టుకోలేదు. తన గుర్రంతో నా గుర్రాన్ని కొట్టాడు. నా మంత్రి ఆయన శకటును కొడితే అదే గుర్రం మళ్లీ నా మంత్రిని కొడుతుంది. ఒక బంటు కోసం ఒక గుర్రం పోయింది. అంతే.

"కితాబ్ కీ చాల్ హై యే, బేటా" అన్నాడు. ఇది పుస్తకంలో చూసిన ఎత్తురా అని. పక్కన కూర్చున్న మిత్రుడు నా వైపు ఒకసారి చూసి, చూపు బల్ల మీదకు తిప్పుకున్నాడు.

తర్వాత చాచా పావులు వెనక్కి పెట్టి చూపించిన సంగతే నా మొదటి ఇంజనీరింగు పాఠం అనుకుంటాను. నల్ల గుర్రం బయటికి రానంతవరకే పుస్తకంలోని ఉచ్చు పనిచేస్తుంది. అది వచ్చి నడుమ బంటుకు కాపు కాస్తుంటే, ముందు ఒక చిన్న పని చేయాలి. మూలన ఉన్న బంటును ఒక్క గడి జరిపి శకటును అదిలించాలి. శకటు నా మంత్రి మీద కన్ను వదలకుండా ఒక గడి వెనక్కి పోతుంది. ఆ కొత్త గడికి నల్ల గుర్రం కాపు అందదు. ఇప్పుడు నా గుర్రం బంటును కొట్టినా, ఆయన గుర్రం నా గుర్రాన్ని కొట్టినా, నా మంత్రి పోయి ఆ శకటును ఊరికే తింటుంది. బదులుగా ఆయన నా శకటును కొడితే నా మంత్రి పక్కకు వచ్చి షహ్ ఇచ్చి ఆ గుర్రాన్నీ పట్టుకుంటుంది. లెక్క చూస్తే ఒక బంటు లాభం. నా మంత్రిని ఆశపడి కొడితే అదే పాత ఆటకట్టు. బీము అదే అయినా కింద సపోర్టు మారితే లెక్క మొత్తం మారిపోతుంది. నా దగ్గర పనిచేసే కుర్ర ఇంజనీర్లకు ఇది ఎన్నిసార్లు చెప్పానో. విలాయతీ ఉచ్చును నిలబెట్టింది దేశీ బంటు నడక, ఒకే ఒక్క గడి. చాచా ఈ మాట అనలేదు. నాకు తర్వాత తోచింది.

ఆ నెలలోనే పాతబస్తీలో గొడవలు, కర్ఫ్యూ. 1984 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎలా గడిచిందో ఆ బ్యాచ్‌ల వాళ్లకు చెప్పనక్కర్లేదు. బడి మూశారు, తెరిచారు, మళ్లీ మూశారు. సడలింపు గంటల్లో పాలకు, కిరసనాయిలుకు పరుగులు. ఇంట్లో తలుపులేసుకుని చెర్నెవ్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. బడి సరిగ్గా నడవడం మొదలయ్యాక నా బెంచిలో పక్క చోటు ఖాళీ. వాళ్ల కుటుంబం టోలీచౌకీ వైపు బంధువుల దగ్గరికి మారిందని ఎవరో చెప్పారు. జట్టులో చోటు నాకే వచ్చింది, పోటీ లేకుండా. ఆ ఏడాది అంతర్ పాఠశాలల పోటీలో రెండో రౌండులోనే ఓడిపోయాను. ఉచ్చు వేసి కాదు, ఉచ్చు కోసం ఎదురుచూస్తూ.

ఇంజనీరింగులో చేరాక చదరంగం చరిత్ర చదవడం అలవాటైంది. అప్పుడు దొరికిన ఒక సంగతికి ఎగిరి గంతేశాను. 1828లో మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య టపా ద్వారా చదరంగం పోటీ మొదలైంది, రెండు ఆటలు. సికందర్ జా ఏలుబడి చివరి రోజులు. సికింద్రాబాదుకు రైలు రావడానికి ఇంకా నలభై ఆరేళ్లు ఉంది. ఒక్కొక్క ఎత్తు కాగితం మీద మనుషుల కాళ్ల మీదుగా వెళ్లి, జవాబు అలాగే తిరిగి రావాలి. రెండు ఆటలూ మద్రాసే గెలిచింది. మద్రాసు పక్షాన ఎత్తులు నడిపింది గులాం ఖాసిం. ఆయన, మద్రాసు సివిల్ సర్వీసులోని జేమ్స్ కాక్రేన్ కలిసి 1829లో మద్రాసులో ఒక పుస్తకం అచ్చు వేయించారు. ముజియో గాంబిట్ అనే ఓపెనింగు విశ్లేషణ, దానితో పాటు ఈ హైదరాబాదు పోటీ ఆటలు. మొదట్లోనే గుర్రాన్ని బలి ఇచ్చి ఎదుటి రాజు మీద విరుచుకుపడే ఓపెనింగు అది. ఆ బలిలోనే మంత్రి ముందు బంటును తోసే దారికి నేటికీ ప్రపంచమంతా గులాం ఖాసిం గాంబిట్ అనే పేరు. బంటు ఒక్క గడి నడిచే ఆట పుట్టిన నేల మీది మనిషి, రెండు గడుల బంటు ఆటలో అతి వాడి దారికి తన పేరు మిగిల్చాడు.

ముజియో పేరు వెనక కూడా ఒక తమాషా ఉంది. ఆ ముజియో ఈ ఓపెనింగును కనిపెట్టలేదు. కాషియో అనే మరో ఇటాలియన్ ఆడుతుంటే చూశాడంతే. తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చినవాడి పొరపాటుతో చూసినవాడి పేరు నిలిచింది, ఆడినవాడిది పోయింది. మన ఊరి సంగతీ అంతే. 1829 పుస్తకం ముఖపత్రం మీద మద్రాసు ఆటను నడిపినవాడి పేరుంది. హైదరాబాదు వైపు కూర్చుని ఆలోచించినవాళ్లు ఆ పత్రం మీద ‘హైదరాబాదు’ మాత్రమే.

బెంగాల్‌లో ఇంకొక కాక్రేన్, జాన్ కాక్రేన్ అనే బారిస్టరు, కలకత్తాలో మహేశ్ చంద్ర బెనర్జీతో వందల ఆటలు ఆడి వాటిని రాసిపెట్టాడు. 1850ల నాటి మాట. మహేశ్ చంద్ర దేశీ ఆటలో పెరిగినవాడు. బంట్లను ఒక్కో గడి నెమ్మదిగా జరిపి, శకట్లను పక్కకు కూర్చోబెట్టి, నడుమ ఎదుటివాణ్ణి రానిచ్చి తర్వాత కొట్టేవాడు. ఐరోపా వాళ్లకు వింతగా తోచిన ఆ తీరే తర్వాత ఇండియన్ డిఫెన్సు అయింది. ఇప్పుడు గ్రాండ్‌మాస్టర్లు రోజూ ఆడతారు. రాసిపెట్టినవాడు ఉండబట్టి మహేశ్ చంద్ర మనకు తెలుసు.

తెలుగు నేల మీద ఈ ఆట సంఘాలూ పోటీల రూపం ఎక్కింది తర్వాత. మొట్టమొదటి జాతీయ చాంపియన్‌షిప్ జరిగింది 1955లో మన ఏలూరులో. రామచంద్ర సప్రే, డి. వెంకయ్య కలిసి మొదటి స్థానం పంచుకున్నారు. ఇక హరికృష్ణ 2001లో, హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లు కావడం, ఆ తర్వాత హారిక, వరంగల్ అర్జున్, ఇవన్నీ పేపర్లో చదివినవే, ఇక్కడ మళ్లీ రాయను.

ఒక్క ఆనంద్ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది నా గాయానికి కొంచెం మందు. నాకంటే ఒక ఏడాది పెద్ద. 1988లో గ్రాండ్‌మాస్టరు. అదే ఏడాది స్విట్జర్లాండులోని బీల్‌లో కొలంబియా ఆటగాడు జపాటాతో ఆడుతూ ఆరో ఎత్తుకే ఓటమి ఒప్పుకున్నాడు. అయిదో ఎత్తులో శకటును బయటికి తెచ్చాడు. జపాటా మంత్రిని తన రాజు ఎదుటి గడిలో పెట్టాడు. నడుమ ఉన్న నల్ల గుర్రం కదిలితే రాజుకు ముప్పు, కదలకపోతే దానికే చావు. ఆనంద్ ఆ ఎత్తు ఎందుకు వేశాడంటే, అంతకు ముందు ఏడాది మైల్స్, క్రిస్టియన్సన్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు అదే ఎత్తుతో ఆడి డ్రా చేసుకున్నారు. ఆ ఆట అచ్చులో వచ్చింది. అచ్చులో ఉంది కాబట్టి మంచిదే అనుకున్నాడు. కితాబ్ కీ చాల్! ఆ వార్త చదివిన రోజు ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆనంద్ ఆ తర్వాత ఏమయ్యాడో మీకు తెలుసు. 2002 అక్టోబరులో హైదరాబాదులోనే ప్రపంచ కప్పు గెలిచాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో కంప్యూటరు ఏ ఉచ్చునైనా కన్ను మూసి తెరిచేలోగా తేల్చేస్తుంది. పిల్లలు ఉచ్చులను ఒక వారంలో నేర్చుకుని ఇంకో వారంలో వదిలేస్తున్నారు. అది మంచిదే. దేశీ ఆట మాత్రం ఫోనులో నాకు దొరకలేదు. చాచా కొట్టు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పక్క కొట్టు పెద్దాయనను అడిగితే, 90ల్లోనే పోయాడు అన్నాడు. అసలు పేరు అడిగాను. "సబ్ చాచా బోల్తే థే" అన్నాడు. అందరూ చాచా అనే అనేవారట.

ఈ సంచిక అన్ని బ్యాచ్‌ల వాళ్లకూ వెళుతుందని కార్యదర్శి చెప్పారు. ఆ అరుగు మీద కూర్చుని ఆడినవాళ్లు, ఆ కొట్టు ముందు ఆగి చూసినవాళ్లు, ఆయన పేరు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే సంఘానికి ఒక ముక్క రాయండి. దేశీ ఆటలో మీ గల్లీ నియమాలు ఏమైనా గుర్తుంటే అవి కూడా రాయండి, బొమ్మ గీసి పంపినా సరే.

ఇంకొకటి. 1984లో తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు ఇది చదివితే, లేదా వాడి పిల్లలు చదివి వాడికి చెబితే: పుస్తకం నా దగ్గరే ఉంది. అట్ట వేయించాను. లెగాల్ ఉచ్చు ఉన్న పేజీలో మూల బంటు పక్కన పెన్సిలుతో ఒక గడి గీసి పెట్టాను. ఫీలా నీకు నచ్చిన చోటే పెట్టుకుందాం.